వరస తప్పిన ఏడో ఫారం

బైండింగ్ షాపులో ఆమెను అందరూ వరసమ్మ అనేవారు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఇంటి కాగితాల్లో ఉంది, అక్కడే ఉండిపోయింది. బయట ఎవరికీ దానితో పని పడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని వరస పేర్చడం. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఆ ఫారాలన్నీ నంబర్ల ప్రకారం పొడుగాటి బల్ల మీద కుప్పలుగా ఉంటాయి. ఆమె ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ కుప్పకొకటి చొప్పున తీసుకుంటే, బల్ల అయిపోయేసరికి చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని కుట్టేవాళ్ళకు ఇచ్చి మళ్ళీ మొదటి కుప్ప దగ్గరకు నడుస్తుంది. అలా ఆమె చేతుల్లో ఎన్ని వేల పుస్తకాలు పుట్టాయో దేవుడికే తెలియాలి. వాటిలో ఒక్కటి కూడా ఆమె చదవలేదు.

చదవడం రాక కాదు, చదవకూడదని. వాళ్ళ నాన్న చర్చి కాపలాదారు. దేవుని వాక్యం చదివే కళ్ళతో లోకం పుస్తకాలు చదవకూడదని ఆయన పట్టుదల. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి పచారీ సరుకులు కట్టి వచ్చిన కాగితం మీద ఏదో కథ ముక్క కనిపిస్తే, ఆమె వంటింటి మూల కూర్చుని చదువుకుంటోంది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు. "ఇప్పుడు పనికొచ్చింది" అన్నాడు. నాలుగు తన్ని ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేది. ఆ మాట మాత్రం ఆమెకు నలభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది. అందుకే పుస్తకం అంటే ఆమెకు పేజీ అడుగున నంబరు. నంబరు సరిపోతే ఆ పుస్తకంతో రుణం తీరిపోయినట్టే.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో ఆమె భర్త ఉన్నాడు, బస్సు కండక్టరు, నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుక కూడా కలుపుకుని వాళ్ళమ్మ పుట్టింది. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. చూపు పోయి ఆరేళ్ళయింది, జ్ఞాపకం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. పరిశుద్ధ గ్రంథంలో సగం ఆవిడకు కంఠతా వచ్చు. అయినా సరే, రోజూ సాయంత్రం ఆరున్నరకు కోడలు మంచం పక్క కుర్చీ వేసుకుని వాక్యం చదివి వినిపించాలి. కంఠతా వచ్చినావిడకు మళ్ళీ వినిపించడం ఎందుకయ్యా అంటే, తప్పులు పట్టడానికి.

"'మరియు' మింగేశావు."

"లేదత్తయ్యా, చదివాను."

"మింగేశావు. వెనక్కి వెళ్ళు."

వెనక్కి వెళ్ళేది. ఎనిమిది గంటలు నిలబడి నడిచి, కాళ్ళు పీకుతూ వచ్చి, ఒక్క 'మరియు' కోసం మళ్ళీ పేజీ మొదటికి వెళ్ళేది. వాక్యం అంటే భక్తి ఉంది, కాదనడానికి లేదు. కానీ ఆ అరగంటలో భక్తి కాస్తా బితుకుబితుకుమంటూ ఓ మూల నిలబడేది. ప్రభువా, ఈ అరగంట నుంచి నన్ను తప్పించు అని ఆమె మనసులో ఎన్నిసార్లు వేడుకుందో లెక్కలేదు. కొన్ని ప్రార్థనలు ఆయన వినకపోవడమే మంచిదని అప్పటికి ఆమెకు తెలియదు.

ఒక డిసెంబరులో వాళ్ళ సంఘం పాస్టరు అయ్యగారు ధ్యానాల పుస్తకం ఒకటి అచ్చు వేయించారు. రోజుకొక పేజీ, ఏడాది పొడుగునా. పేజీ నెత్తిన తేదీ, దాని కింద మూల వాక్యం, ఆ కింద అయ్యగారి మాటలు. బైండింగుకు వరసమ్మ పనిచేసే షాపుకే వచ్చింది. అదే రోజు, అదే సైజులో, అదే కాగితం మీద ఒక నవల కూడా వచ్చింది. రెండింటి ఫారాలూ పక్కపక్కనే పెట్టారు. అయినా వరసమ్మకు అదో లెక్కా? ఆ చేతులు నిద్రలో కూడా తప్పు చెయ్యవని షాపు ఓనరు నలుగురికీ చెప్పుకునేవాడు.

నిద్రలో చెయ్యవు నిజమే. అత్తగారు ఫోన్ చేసినప్పుడు చేస్తాయి.

"నిన్న నువ్వు చదివిన చోట 'పలికెను' కాదు. 'సెలవిచ్చెను'. పొద్దున్నుంచీ నాకు అదే గుచ్చుకుంటోంది."

"అత్తయ్యా, నేను పనిలో ఉన్నాను."

"పనిలో ఉంటే వాక్యం మారిపోతుందా?"

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పళ్ళు కొరుకుతూ, ఖాళీ అయిన ఏడో కుప్ప స్థానంలో ఆమె ఇంకో కట్ట పెట్టింది. కట్టకు నలభై ఫారాలు. కింద చూసింది, తొంభై ఏడు నుంచి నూట పన్నెండు. నంబరు సరిపోయింది. పని సాగిపోయింది. మర్నాడు నవల పేర్చినవాళ్ళు, ఏడో నంబరు ఫారాలు తక్కువయ్యాయని వెతికితే పక్కన మిగిలిన ఏడో నంబరు కట్ట ఒకటి దొరికింది. వాళ్ళకూ నంబరు సరిపోయింది. అలా నలభై నవలల్లోకి అయ్యగారి ధ్యానాలు వెళ్ళిపోయాయి. చిత్రమేమిటంటే ఆ నవల కొన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. కథలో ఎవరికో మారుమనస్సు కలిగిందనుకున్నారో ఏమో.

జనవరి గడిచింది, ఫిబ్రవరి, మార్చి గడిచాయి. కొత్త ఏడాది నుంచి అత్తగారి ఆజ్ఞ ఏమంటే, వాక్యం తర్వాత అయ్యగారి పుస్తకంలో ఆ రోజు పేజీ కూడా చదవాలి. ఏప్రిల్ ఏడో తేదీ సాయంత్రం వరసమ్మ పేజీ తిప్పింది. పైన తేదీ లేదు. మూల వాక్యం లేదు. అక్షరాల తీరే వేరు. రైలు కదలడంతో ఒక వాక్యం మొదలైంది.

ఒక్క చూపులో ఆమెకు అంతా అర్థమైపోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటి తప్పు, అదీ తన ఇంటికే వచ్చి ఒళ్ళో కూర్చుంది. అప్పుడే పుస్తకం మూసి, అత్తయ్యా, ఇది వేరే ఫారం, నావల్ల పొరపాటైంది అంటే అయిపోయేది. కానీ ఆ మాట అంటే ఈ జన్మకు విముక్తి ఉంటుందా? 'మరియు' మింగితేనే మూడు రోజులు వినిపించే మనిషి, పదహారు పేజీలు మింగితే ఊరుకుంటుందా? తేలు కుట్టిన దొంగలా గొంతు సవరించుకుని ఆమె చదవడం మొదలుపెట్టింది.

"మూల వాక్యం ఏది?" అంది అత్తగారు వెంటనే.

"ఇవాళ... కథ రూపంలో చెప్తున్నారు అయ్యగారు. వాక్యం చివర్లో వస్తుందేమో."

"ఊఁ" అంది ఆవిడ, అనుమానంగా.

కథలో ఒక పడుచు టీచరమ్మ ఉంది. ఎక్కడో ఉద్యోగంలో చేరడానికి ఒంటరిగా వెళుతోంది. ఏదో చిన్న స్టేషన్‌లో నీళ్ళ సీసా నింపుకోవడానికి దిగింది. కొళాయి సన్నగా వస్తోంది. సీసా నిండేలోపు రైలు కదిలిపోయింది. పెట్టె రైల్లో ఉంది. పెట్టెలో ఇంకా విప్పి చదవని ఉత్తరం ఒకటి ఉంది. పేజీ అక్కడితో అయిపోయింది. వరసమ్మ చెయ్యి తనకు తెలియకుండానే తర్వాతి పేజీ అంచు మీదకు వెళ్ళింది.

"ఆగు" అంది అత్తగారు. "ఏ రోజు పేజీ ఆ రోజే."

ఆ రోజు నుంచి పదహారు రోజులు ఆ ఇంట్లో జరిగినది ఎవరికైనా చెబితే నవ్వుతారు. వరసమ్మకు షాపులో బల్ల పక్క నడుస్తుంటే ఆ టీచరమ్మే కళ్ళముందు మెదిలేది. చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు, దగ్గు ఒకటి పట్టుకుంది, స్టేషన్ మాస్టరేమో మాట్లాడడు. ఏం చేస్తుందిప్పుడు? ఛీ, నాకెందుకు అనుకునేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సాయంత్రం అయ్యేసరికి మాత్రం గబగబా ఇంటికి నడిచేది. ఆరున్నరకు కాదు, ఆరుంబావుకే కుర్చీ వేసుకుని కూర్చునేది. ముందు చదవాల్సిన వాక్యాన్ని కాస్త తొందరగా చదివేస్తున్నానని తెలిసి, లోపల్లోపల క్షమాపణ చెప్పుకునేది.

ఇంకో విచిత్రం. కథ చదువుతున్నంతసేపూ అత్తగారు ఒక్క తప్పు కూడా పట్టలేదు. ఎలా పడుతుంది? తర్వాతి మాట ఏమిటో ఆవిడకూ తెలియదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకు మొదటిసారి అత్తాకోడళ్ళిద్దరికీ తెలియని విషయం ఒకటి ఆ గదిలో ఉంది. పేజీ అయిపోయాక ఆవిడ తీర్పులు చెప్పేది.

"పెట్టె అంటే ఈ లోకం. పెట్టెని వదిలి దిగడం అంటే మారుమనస్సు."

"మరి నీళ్ళ సీసా అత్తయ్యా?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "నీళ్ళ సీసా అంటే నీళ్ళ సీసానే. పాపం దాహం వేసింది ఆ బిడ్డకి."

ఐదో రోజు నుంచి సాయంత్రం ప్రార్థనలో ఆ బిడ్డ చేరింది. కొడుకు తర్వాత, సంఘంలో జబ్బుపడ్డవాళ్ళ కంటే ముందు. "స్టేషన్‌లో ఒంటరిగా ఉన్న ఆ బిడ్డని కాపాడు తండ్రీ. ఆ దగ్గు తగ్గించు" అని ఆవిడ వేడుకుంటుంటే వరసమ్మకు నెత్తి బాదుకోవాలనిపించేది. ఎవరికి తగ్గాలి దగ్గు? కాగితం మీద మనిషికా? అలాగని చెబితే మొత్తం గుట్టు బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కళ్ళు గట్టిగా మూసుకుని ఊరుకునేది.

పదహారో రోజున టీచరమ్మ చీకట్లో నడిచి నడిచి ఒక ఇంటి తలుపు తట్టింది. లోపలి నుంచి వచ్చిన గొంతు విని... అంతే. వాక్యం సగంలో ఆగిపోయింది. మర్నాటి పేజీ నెత్తిన ఏప్రిల్ ఇరవై మూడు అని తేదీ ఉంది, కింద సహనం గురించి అయ్యగారి మాటలు ఉన్నాయి.

"ఎవరి గొంతు?" అంది అత్తగారు.

"రాయలేదత్తయ్యా."

"రాయకపోవడం ఏంటి? మధ్యలో వదిలేసి సహనం గురించి చెప్తాడా? నేను ఆదివారం అడుగుతాను ఆయన్ని."

అన్నమాట ఉత్తినే అనలేదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే సమయం వచ్చింది. అత్తగారు కోడలి భుజం ఊతం చేసుకుని లేచి నిలబడింది. వరసమ్మ చీర కొంగు పట్టి లాగింది, చెయ్యి పట్టి లాగింది. ఆ చెయ్యిని ఆవిడ దోమని తోలినట్టు తోలేసింది.

"రైలు తప్పిపోయిన ఒక బిడ్డ కోసం సంఘమంతా ప్రార్థన చెయ్యాలి అయ్యగారూ. టీచరు ఉద్యోగానికి వెళ్తోంది. ఒంట్లో బాలేదు. ఎవరి ఇంటి తలుపు తట్టిందో తెలీదు."

"అయ్యో" అన్నారు అయ్యగారు. "మీ బంధువులమ్మాయా అమ్మా? ఏ ఊరు?"

"ఊరి పేరు మీరు రాయలేదు కదండీ."

అయ్యగారు అయోమయంగా చూశారు. ఇంతలో వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. "మేమూ అదే అడుగుదామనుకున్నాం అయ్యగారూ. ఆ అమ్మాయికోసం మా ఇంట్లో కూడా రెండు వారాలుగా ప్రార్థిస్తున్నాం." ఇంకో మూల నుంచి ఎవరో "మేమూ" అన్నారు. తక్కినవాళ్ళు ఎవరా అమ్మాయి, ఏమిటా కథ అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అయ్యగారు కిందికి దిగి వచ్చి, మేమూ అన్నావిడ చేతిలోంచి తన పుస్తకాన్ని తానే తీసుకుని, ఆవిడ చూపించిన చోట తెరిచారు. తొంభై ఏడో పేజీ చదివారు. తొంభై ఎనిమిదో పేజీ చదివారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఇది... ఇది నేను రాసింది కాదు."

వరసమ్మ లేచింది. అబద్ధం చెప్పి చెప్పి ప్రాణం విసిగిపోయింది, అందుకు లేచింది.

"నావల్లే అయ్యగారూ. వరస తప్పింది."

ఫారం సంగతి తెలియని వాళ్ళకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. సగం నిద్రలో ఉన్న ఒక ముసలావిడ ఉలిక్కిపడి, "అయ్యో దేవుడా, ఎవరితో?" అంది. ఆ నవ్వు ఆగడానికి కొంతసేపు పట్టింది. నవ్వనివాళ్ళు ముగ్గురే. అయ్యగారు, వరసమ్మ, అత్తగారు.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక అత్తగారు అడిగింది.

"అంటే ఆ బిడ్డ లేదా?"

"లేదత్తయ్యా. ఎవరో రాసిన కథ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మొదటి రోజు నుంచీ?"

వరసమ్మ తల ఊపింది. ఊపినా ఆవిడకు కనిపించదని గుర్తొచ్చి, "ఊఁ" అంది.

"లేని మనిషి కోసం ఇన్నాళ్ళు నాచేత ప్రార్థన చేయించావన్నమాట." ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. "ఇక నువ్వు నాకేం చదవక్కర్లేదు. వాక్యం కూడా. వాడు చదువుతాడు."

వాడు చదివాడు. కండక్టరు గారు వాక్యం చదివితే స్టాపుల పేర్లు పిలిచినట్టే ఉండేది. ఒక్కో వాక్యం చివర గొంతు పెంచి ఆగేవాడు, ఎవరైనా దిగుతారేమోనన్నట్టు. 'మరియు'లన్నీ వరసపెట్టి మింగేశాడు. అత్తగారు ఒక్కటి కూడా సరిచెయ్యలేదు. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వింటున్న వరసమ్మకు అదే భరించలేనిదిగా ఉంది. ఇన్నేళ్ళు ఏ అరగంట నుంచి తప్పించమని దేవుణ్ణి వేడుకుందో ఆ అరగంట ఇప్పుడు ఖాళీగా చేతికొచ్చింది. ఏం చేసుకోవాలి దాన్ని? తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది.

షాపులో ఓనరు అంతకంటే మండిపడ్డాడు. "వరసమ్మా, నీ పేరే మార్చుకోవాలి నువ్వు! ఆ నలభై పుస్తకాలూ ఇంటింటికీ వెళ్ళి నువ్వే తీసుకురా. విప్పి సరిగ్గా కుట్టిద్దాం. అయ్యగారికి నేను మొహం చూపించలేను."

తీసుకురమ్మనడం తేలికే. ఇచ్చేవాళ్ళేరీ? సంఘంలో లోకం పుస్తకాలు ముట్టకూడదని అందరికంటే గట్టిగా మాట్లాడే ఒక పెద్దాయన, తలుపు సగం తెరిచి పుస్తకం వెనక దాచుకున్నాడు. "ఇస్తానమ్మా, ఇస్తాను. ముందు ఇది చెప్పు. ఆ తలుపు తీసిందెవరు?" ఇంకో ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ ఆ గొంతు ఎవరిదా అని పోట్లాడుకుని మాటలు మానేశారట. ఒకావిడ పుస్తకమైతే ఇచ్చింది కానీ ఆ పదహారు పేజీలూ జాగ్రత్తగా చింపుకుని దాచుకుంది. కాళ్ళరిగేలా తిరిగి తిరిగి వరసమ్మ తెచ్చినవి ఇరవై తొమ్మిది. ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న, తర్వాత ఏమైంది? నాకు మాత్రం తెలుసా అని అరవాలనిపించింది ఆమెకు.

అరవడం ఎందుకు, తెలుసుకోవచ్చు కదా అనిపించింది మూడో రోజుకు. షాపులో ఆ నవల మిగులు ప్రతులు నాలుగు మూలన పడి ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం వేళ ఆమె ఏడో ఫారం సరిగ్గా ఉన్నది ఒకటి తీసుకుని, కటింగ్ మిషను వెనక, కాగితపు ముక్కల కుప్ప మీద కూర్చుంది. తెరిచే ముందు కళ్ళు మూసుకుని, ప్రభువా, ఇది తప్పయితే క్షమించు అంది. తెరిచింది. మొదటి పేజీ నుంచే మొదలుపెట్టింది.

భోజనం డబ్బా మూత తియ్యలేదు. వేళ్ళ మీద జిగురు ఎండి పెచ్చులు కట్టింది. చుట్టూ మిషన్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు మొదలైందో తెలియలేదు. ఆమె చేతులకు ఆ పుస్తకం కొత్తది కాదు. దాని బరువు తెలుసు, వీపు మందం తెలుసు, ఏ ఫారం తర్వాత ఏ ఫారమో తెలుసు. లోపల ఇంతమంది మనుషులు ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళు వీళ్ళందరినీ నంబర్లు చూసి అటూ ఇటూ మోశానా అనుకుంది. నాన్న మీద కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద, అంత మంచి మనిషి మీద, చెప్పలేనంత కోపం వచ్చింది. వంటింటి మూల ఆ కాగితం మీద ఉన్న కథ ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు.

"వరసమ్మక్కా, ఏడుస్తున్నావేంటి? వేలు తెగిందా?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"నీ పని చూసుకో" అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

మూడు మధ్యాహ్నాల్లో నవల పూర్తయింది. రెండొందల ముప్ఫై ఎనిమిదో పేజీలో టీచరమ్మ చచ్చిపోయింది. ఆ దగ్గుతోనే. పెట్టెలోని ఉత్తరం ఆమెకు చేరనే లేదు. వరసమ్మ పుస్తకం మూసింది. ఇందులో పాపం ఎక్కడుంది అని నిజాయితీగా వెతికింది. లేని మనిషి కోసం ఏడ్చాను, అదేనా? అత్తయ్య లేని మనిషి కోసం మోకరించింది. సంఘంలో అంతమంది మోకరించారు. ఆ పదహారు రోజులు వాళ్ళు ఎవరికి కీడు తలపెట్టారు? ప్రార్థనలో కూడా వరసమ్మ ఎప్పుడూ తన ఇంటివాళ్ళ గురించే అడిగేది. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం గుండె ఇంతగా కొట్టుకోవడం ఇదే మొదలు. ఇది నువ్విచ్చింది కాకపోతే ఇంకెవరిచ్చారు ప్రభువా అంది పైకే. కటింగ్ మాస్టరు వింతగా చూశాడు.

ఆ సాయంత్రం నవలను సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. భర్త వాక్యం పుస్తకం తీయబోతుంటే, "మీరు లేవండి" అని, కుర్చీ తానే లాక్కుంది. ఆయన బతుకు జీవుడా అని లేచి వెళ్ళాడు.

"అత్తయ్యా, ఆ పుస్తకం తెచ్చాను. మొత్తం."

ఆవిడ గోడ వైపు తిరిగే ఉంది. అలాగే అడిగింది, "నువ్వు చదివేశావా?"

"చదివాను."

"చివరిదాకా?"

"చివరిదాకా."

ఈసారి ఆ గొంతులో కోపం లేదు. వరసమ్మ ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ వినని గొంతు అది.

"నన్ను వదిలేసి నువ్వొక్కదానివే వెళ్ళిపోయావన్నమాట."

లేని మనిషి కోసం ప్రార్థన చేయించినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు కాదు. ఇదీ అసలు దెబ్బ. చదివినదాన్ని చదవకుండా చేసుకోవడం ఎవరి తరం? "తప్పయిపోయింది అత్తయ్యా. ఆగలేకపోయాను" అంది. అంటూనే ఏడ్చేసింది. ఇన్నేళ్ళలో తప్పయిపోయిందని ఆమె మనస్ఫూర్తిగా అన్నది కూడా అదే మొదటిసారి. "ఏమైందో చెప్పనా? ఆ బిడ్డ..."

"చెప్పకు!" అత్తగారు గభాలున ఇటు తిరిగింది. "నోరు మూసుకో. నేనింకా అడుగుతూనే ఉన్నాను దేవుణ్ణి."

"అత్తయ్యా, ఆ బిడ్డ లేదు కదా."

"లేకపోతే నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

ఈ మనిషితో వాదించి నెగ్గినవాడు ఇంకా పుట్టలేదు. వరసమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మొదటి నుంచి చదువు" అంది అత్తగారు, దిండు సర్దుకుంటూ. "మనం మధ్యలో ఎక్కాం. ముందు వాక్యం, తర్వాత ఇది. రోజుకి ఒక్క పేజీ."

"ఒక్క పేజీయా? అత్తయ్యా, ఇందులో రెండొందల నలభై పేజీలున్నాయి. అలా చదివితే ఎనిమిది నెలలు పడుతుంది!"

"పట్టనీ. ఆయనకీ టైం ఇవ్వాలిగా."

వరసమ్మకు తల పట్టుకోవాలనిపించింది. ఎనభై నాలుగేళ్ళావిడ, ఎనిమిది నెలలు, రోజుకొక పేజీ. అవతల ముగింపు అచ్చయి, కుట్టు పడి, అట్ట వేసుకుని తన ఒళ్ళోనే ఉంది. అయినా వాక్యం చదివింది. ఒక 'మరియు' మింగితే వెనక్కి వెళ్ళమంటే వెళ్ళింది. తర్వాత నవల తెరిచి మొదటి పేజీ చదివి, అంచు మీదకు వెళ్ళబోయిన చేతిని వెనక్కి తీసుకుని, మూసింది. అత్తగారు ప్రార్థన మొదలుపెట్టింది. ముందు కొడుకు, తర్వాత ఆ బిడ్డ.

"రైలు ఎక్కబోతోంది తండ్రీ, ఏమీ తెలీదు పాపం. ఆ బిడ్డని క్షేమంగా ఇంటికి చేర్చు."

ఒకసారి అచ్చయిన పేజీ మారదని ఆ ఇంట్లో వరసమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రెండొందల ముప్ఫై ఎనిమిదో పేజీని ఆమె తన కళ్ళతో చూసింది. అయినా, పక్క గదిలో ఉన్న భర్తకు కూడా వినిపించేంత గట్టిగా, ఆమేన్ అంది.